మారిషస్‌లో మూడు రోజులు: కారుతో పాటు గైడ్‌ను ఇచ్చే సేవపై సమీక్ష

మారిషస్‌కు వెళ్లే మనవారిలో చాలామంది సముద్రతీరపు హోటల్లో నాలుగైదు రోజులు గడిపి, ఒక రోజు పడవ షికారు చేసి తిరిగి వచ్చేస్తారు. నేనూ, నా భార్యా, డెబ్బై దాటిన మా నాన్నగారూ ఆ దేశంలో మనుషులు ఎలా బతుకుతున్నారో కూడా చూడాలని అనుకున్నాము. అందుకని కారును, దాన్ని నడుపుతూనే ఊళ్ల గురించి వివరించే మనిషిని కలిపి ఇచ్చే ఒక చిన్న స్థానిక సంస్థను మూడు రోజులకు మాట్లాడుకున్నాము. రోజుకు 3,500 మారిషస్ రూపాయలు తీసుకున్నారు. పెట్రోలు, డ్రైవరు భోజనం అందులోనే కలిసి ఉన్నాయి, ప్రవేశ రుసుములు మాత్రం మేము కట్టుకోవాలి. సంస్థ పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సేవ ఎక్కడ తీసుకున్నా ముందుగా అడగవలసిన సంగతులు ఉన్నాయి, వాటిని చెప్పడమే నాకు ముఖ్యం. మాకు దొరికిన మనిషికి నేను పూర్తి మార్కులు ఇస్తాను, సంస్థ తయారుచేసిన సమయపట్టికకు మాత్రం సగానికి మించి ఇవ్వలేను.

బుకింగ్ అంతా వాట్సాప్‌లోనే జరిగింది. కారు శుభ్రంగా ఉంది, ఏసీ బాగా పనిచేసింది, మూడు రోజులూ చెప్పిన సమయానికే వచ్చింది. అక్కడ కూడా బండ్లు మనలాగే రోడ్డుకు ఎడమవైపునే నడుస్తాయి కనుక సొంతంగా కారు అద్దెకు తీసుకుని తిరగడం కష్టమేమీ కాదు. అయినా గైడ్ ఎందుకు కావాలో విమానాశ్రయం దాటిన పది నిమిషాల్లోనే మాకు అర్థమైంది.

విమానాశ్రయం దీవికి ఆగ్నేయ మూలన ప్లేన్ మాన్యెన్ దగ్గర ఉంది. అక్కడి నుంచి బయలుదేరగానే రోడ్డుకు రెండు వైపులా చెరకు తోటలు, ఆ తోటల మధ్యలో ఎవరో పనిగట్టుకొని పేర్చినట్టుగా నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. అవేమిటని నాన్నగారు అడిగారు. గైడ్ కారును పక్కకు ఆపి, ఈ దీవి సుమారు 80 లక్షల ఏళ్ల క్రితం సముద్రంలోంచి లేచిన అగ్నిపర్వతమనీ, నేలంతా ఆ లావా రాళ్లతో నిండి ఉండేదనీ, చెరకు నాటడానికి ముందు ఒక్కొక్క రాయినీ చేతులతో ఏరి మోసుకొచ్చి ఇలా గుట్టలు వేశారనీ చెప్పాడు. మోసిన వారు మొదట బానిసలు, ఆ తరువాత భారతదేశం నుంచి వచ్చిన ఒప్పంద కూలీలు. చూడదగ్గ ప్రదేశాల పట్టికలో ఆ గుట్టలు ఉండవు, వాటికి టికెట్టూ లేదు, బోర్డూ లేదు. ఆ దేశ భూగోళమూ చరిత్రా రెండూ నాకు ఒకేచోట కనిపించింది మాత్రం అక్కడే. వాటి దగ్గర కారు ఆపాలని తోచిన మనిషి దొరకడం మా అదృష్టం.

అతను నా భార్యనూ నన్నూ అన్నా, వదినా అని హిందీ కలిపిన మాటల్లో పిలిచేవాడు, నాన్నగారిని మాత్రం మొదటి నుంచి చివరి దాకా ‘తోంతోన్’ అన్నాడు. ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష క్రియోల్‌లో పెద్దవారిని బాబాయిగారూ అని పిలవడం లాంటిది అది. అతని మాతృభాష క్రియోల్, చదువు ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ సాగింది, నాయనమ్మ మాట్లాడిన భోజ్‌పురి కొద్దికొద్దిగా వచ్చు. ఇన్ని భాషలు రావడం తన గొప్పేమీ కాదని, ఊళ్లో అందరికీ అలాగే వస్తాయని అతను చెప్పాడు. అక్కడి వార్తాపత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో ఉంటాయి, పార్లమెంటు పనులు ఇంగ్లీషులో నడుస్తాయి, బజారులో వినిపించేది క్రియోల్. నోట్ల మీద ఇంగ్లీషుతో పాటు తమిళం, హిందీ కూడా ముద్రిస్తారు. ‘కి మాన్యేర్’ అంటే ఎలా ఉన్నారని అర్థం. ఆ ఒక్క మాట నేర్చుకుంటే దుకాణదారు ముఖం ఎలా విచ్చుకుంటుందో మేము మూడు రోజులూ చూశాము.

మొదటి రోజు ఉత్తర భాగానికి కేటాయించారు. పాంప్లెమూస్‌లోని వనస్పతి తోట చాలా బాగుంది, ఫ్రెంచి పాలనలో పియెర్ పువావ్ర్ పెంచిన ఆ తోటలోని రాక్షస తామరాకుల కొలను దగ్గర అందరూ ఫొటోలు తీసుకుంటారు, మేమూ తీసుకున్నాము. ఆ దగ్గరలోనే బో ప్లాన్‌లో మూతపడిన చక్కెర మిల్లును మ్యూజియంగా మార్చి లావంత్యూర్ ద్యు సూక్ర్ అని పేరు పెట్టారు. దాన్ని గురించి ఎంత రాసినా తక్కువే. మా నాన్నగారు ముప్పై ఏళ్లు ఒక చక్కెర కర్మాగారంలో చెరకు బండ్ల కాటా దగ్గర గుమాస్తాగా పనిచేశారు. ఆ మిల్లు లోపలి గానుగ రోలర్లనూ, రసం మరిగించే పెనాలనూ చూడగానే ఆయన గైడ్‌కే పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తి చేసుకుంటూ తిరుగుతుంటే, నేను వెనకాల నడుస్తూ నాకు తెలియని రెండు దేశాల చక్కెర కథలు విన్నాను.

ఆ కథను క్లుప్తంగా అయినా చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం ఉండదు. మారిషస్‌కు ఆదివాసులంటూ ఎవరూ లేరు. 1598లో అక్కడ దిగిన డచ్చివారు తమ యువరాజు మారిస్ పేరు పెట్టి, 1639లో జావా నుంచి చెరకు తెచ్చి నాటారు. డోడో పక్షి అంతరించిపోయింది కూడా వారి కాలంలోనే. 1710లో వారు దీవిని వదిలి వెళ్లిపోగా, 1715లో ఫ్రెంచివారు స్వాధీనం చేసుకున్నారు, 1810లో బ్రిటిషువారు వారి దగ్గర నుంచి గెలుచుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయ్యే నాటికే తోటల యజమానులు కొత్త చేతుల కోసం భారతదేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి వచ్చిన 36 మందితో మొదలైన ఆ వలస 20వ శతాబ్దం తొలినాళ్ల వరకు సాగింది, మొత్తం మీద దాదాపు నాలుగున్నర లక్షల మంది ఆ రేవులో దిగారు. ఈనాటి జనాభాలో మూడింట రెండు వంతుల మంది మూలాలు భారతదేశంలోనే ఉన్నాయి.

నాన్నగారికి అన్నిటికంటే ఆసక్తి కలిగించింది చెల్లింపుల సంగతి. అక్కడ చిన్న రైతుకు తన చెరకు నుంచి తీసిన చక్కెరలో వాటా లెక్కన డబ్బు వస్తుంది. ఆ చిన్న రైతు అసలు ఎలా పుట్టాడన్న ప్రశ్నకు కూడా మ్యూజియంలో జవాబు ఉంది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో చక్కెర ధరలు పడిపోయినప్పుడు పెద్ద ఎస్టేట్లు తమ అంచుల్లోని నాసిరకం భూములను ముక్కలుగా కోసి, కూలి డబ్బులో కొంత దాచుకున్న భారతీయులకు అమ్మాయి. మోర్సెల్‌మాన్ అని పిలిచే ఆ అమ్మకాలతోనే కూలీ భూమి గలవాడయ్యాడు, అతని పిల్లలు బడికి వెళ్లారు, మనవలు ఓటు హక్కు కోసం నిలబడ్డారు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు తొలి ప్రధాని అయిన శివసాగర్ రామ్‌గులాం తండ్రి కూడా ఒప్పంద కూలీగా వచ్చిన వ్యక్తే.

ఆ తరువాతి కథ ఇంకా గొప్పది. స్వాతంత్ర్యానికి ముందు ఈ దేశానికి చెరకు తప్ప మరో ఆధారం లేదనీ, జనాభా మాత్రం ఆగకుండా పెరుగుతోందనీ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1961లో తీవ్రమైన హెచ్చరిక చేశాడు. 1970లో ఎగుమతుల కోసం ప్రత్యేక చట్టం తెచ్చి, దుస్తుల పరిశ్రమను పెంచారు. 1975 నుంచి అమల్లోకి వచ్చిన చక్కెర ఒప్పందం కింద ఐరోపా దేశాలు ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెరను ప్రపంచ ధర కంటే ఎక్కువకు కొనేవి, ఆ డబ్బులో కొంత బట్టల మిల్లులకూ హోటళ్లకూ పెట్టుబడిగా మారింది. తరువాత ఐరోపా ధరను 36 శాతం తగ్గించింది, 2009లో ఆ ఒప్పందమే ముగిసింది. ఒకప్పుడు దీవి అంతటా రెండు వందలకు పైగా ఉన్న మిల్లులు ఇప్పుడు మూడే మిగిలాయి. ఆ మూడూ పిప్పిని కాల్చి కరెంటు తీసి గ్రిడ్‌కు అమ్ముతాయి, ముస్కోవాడో, డెమెరారా వంటి ప్రత్యేకమైన రకాల చక్కెరను ఎగుమతి చేస్తాయి. మ్యూజియం చివరలో ఆ రకాలను చిన్న చెంచాలతో రుచి చూపిస్తారు. నల్లటి ముస్కోవాడో నోట్లో వేసుకుని, ఇది పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన బెల్లం వాసనే అన్నారు నాన్నగారు. ఆ తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంతవరకు బాగానే జరిగింది, నా ఫిర్యాదు ఆ మధ్యాహ్నం గురించే. రాజధాని పోర్ట్ లూయీ బజారులో దోల్ పూరీ తిన్నాము. ఉడికించిన శనగబేడల పొడిని పిండిలో పెట్టి పల్చగా ఒత్తి కాల్చిన రొట్టె అది, రెండేసి చొప్పున బీన్స్ కూరా పచ్చడీ వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. బీహారు పల్లెల్లో పండుగనాడు చేసుకునే వంట, ఇక్కడ అన్ని మతాలవారూ రోడ్డు పక్కన నిలబడి తినే రోజువారీ తిండి అయింది. తిన్న వెంటనే ఆప్రవాసి ఘాట్‌కు వెళ్లాలన్నది మా ఆలోచన. ఒప్పంద కూలీలు ఓడ దిగి రెండు రోజులు గడిపిన ఆ వలస డిపోను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అది బజారు నుంచి నడిచి వెళ్లగలిగినంత దగ్గర. దానికి బదులు కారు మమ్మల్ని ముందు సుంకం లేని నగల దుకాణానికీ, ఆ తరువాత ఓడల నమూనాలు చేసే దుకాణానికీ తీసుకెళ్లింది. రెండింటిలో కలిపి గంటన్నర గడిచింది. ఓడల నమూనాల పనితనం నిజంగా చక్కనిదే, కానీ దాన్ని చూస్తామని మేము అడగలేదు. ఘాట్ దగ్గర దిగేసరికి మూసే వేళకు ఇరవై అయిదు నిమిషాలే మిగిలింది.

దుకాణాల దగ్గర ఆపవలసిందేనని సంస్థ సమయపట్టికలో రాసి ఉందనీ, అది తన చేతుల్లో లేదనీ గైడ్ సిగ్గుపడుతూ చెప్పాడు. అతని మాట నేను నమ్ముతాను, ఎందుకంటే అతని ముఖంలో మాకంటే ఎక్కువ బాధ కనిపించింది. పట్టిక ఎవరు రాసినా, ఒక దేశపు జ్ఞాపకానికి ఇరవై అయిదు నిమిషాలూ ఉంగరాలకు ముప్పావు గంటా కేటాయించడం తప్పు. డబ్బు తీసుకున్న సంస్థ ఈ విషయం బుకింగ్ అప్పుడే చెప్పి ఉండవలసింది. మేము రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపిన తరువాత మిగిలిన రెండు రోజుల్లో దుకాణాలను తీసివేశారు. అది వారి మంచితనం, దాన్ని కూడా ఇక్కడ చెప్పడం న్యాయం.

రెండో రోజు నడిమి పీఠభూమి మీదుగా నైరుతికి వెళ్లాము. తీరంలో ఎండ మాడుతుండగా బయలుదేరి అరగంటలో క్యూర్‌పీప్ చేరేసరికి చలిగాలీ సన్నటి వానా ఎదురయ్యాయి. ఆగ్నేయం నుంచి వీచే వాణిజ్య పవనాలు ఈ ఎత్తుకు తగిలి తూర్పునా మధ్యలోనూ కురిసి, పడమటి తీరానికి చేరేసరికి ఎండిపోతాయి. అందుకే పడమట టామరిన్‌లో ఉప్పుమళ్లు పెట్టారని గైడ్ వివరించాడు. 65 కిలోమీటర్ల పొడవూ 45 కిలోమీటర్ల వెడల్పూ మాత్రమే ఉన్న దీవిలో వానాకాలమూ ఎండాకాలమూ ఒకే పూట చూడవచ్చు. ఇళ్లన్నీ పెంకులు లేకుండా చదునైన సిమెంటు కప్పులతో ఎందుకున్నాయని నా భార్య అడిగితే, 1960లో వచ్చిన కేరల్ తుపాను వేలకొద్దీ రేకుల ఇళ్లనూ చెక్క ఇళ్లనూ ఎత్తుకుపోయిందనీ, ఆ తరువాతే సిమెంటు ఇళ్ల కాలం వచ్చిందనీ చెప్పాడు. అడగనిదే చెప్పకుండా, అడిగిన దానికి తెలిసినంతే చెప్పే గుణం ఈ వృత్తిలో ఎంత విలువైనదో చాలా గైడ్‌లతో తిరిగిన వారికి తెలుస్తుంది.

గ్రాండ్ బాసిన్ అని పిలిచే గంగా తలావ్ అగ్నిపర్వత బిలంలో నిలిచిన సరస్సు. శివరాత్రికి లక్షల మంది తెల్లబట్టలు కట్టుకుని కావళ్లతో దీవి నలుమూలల నుంచి నడిచి వస్తారు. ఒడ్డున 33 మీటర్ల శివుని విగ్రహం నిలబడి ఉంది. మేము వెళ్లింది మామూలు రోజు కనుక నీళ్ల మీద పొగమంచు, నలుగురైదుగురు భక్తులు తప్ప ఏమీ లేరు, ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. ఉగాది ఇక్కడ దేశమంతటికీ సెలవు దినమని గైడ్ ఆ ఒడ్డునే చెప్పాడు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చినందుకు తెలుగువారిని ఒకప్పుడు కోరింగీలు అనేవారట. ప్రభుత్వ బడుల్లో పిల్లలు నేటికీ తెలుగు పాఠం ఎంచుకోవచ్చు, 1947లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ నేటికీ పనిచేస్తోంది. ఇళ్లలో భాష చాలావరకు పోయినా రామభజనం మిగిలింది. ఈ సంగతుల కోసం ఒక తెలుగు దేవాలయాన్ని కూడా దారిలో చేర్చమని అడిగితే, పట్టికలో లేకపోయినా చేర్చాడు.

షామరెల్‌లోని రంగుల మట్టి దిబ్బలు ఫొటోల్లో కనిపించినంత పెద్దవి కావు, గంట చాలు. అక్కడి నుంచి దిగితే 556 మీటర్ల లె మోర్న్ కొండ సముద్రంలోకి చొచ్చుకుని నిలబడి ఉంటుంది. తోటల నుంచి పారిపోయిన బానిసలు దాని గుహల్లో తలదాచుకున్నారు. విముక్తి వార్త చెప్పడానికి వస్తున్న సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వస్తున్నారనుకొని కొందరు పైనుంచి దూకేశారని అక్కడివారు చెప్పుకుంటారు. 2008లో దానికీ ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ సాయంత్రం హోటల్లో సెగా అనే అక్కడి నాట్య ప్రదర్శన ఉందని పట్టికలో ఉంది. గైడ్ మాత్రం ముందుగా రావాన్ అనే ఆ మేకతోలు డప్పును మంట దగ్గర వేడిచేసి శ్రుతి చేసే ఒక పల్లె వాయిద్యకారుడి దగ్గర అరగంట కూర్చోబెట్టాడు. పాదాలు నేల విడవకుండా ఆడే ఆ నాట్యం బానిసల రాత్రుల్లో పుట్టిందని తెలుసుకున్న తరువాత, హోటల్ వేదిక మీది రంగురంగుల పావడాలు చూడాలని మాకు అనిపించలేదు.

మూడో రోజు ఆగ్నేయ తీరం. మహేబూర్గ్ దగ్గరి సముద్రం అందం గురించి చెప్పడానికి ఎందరో ఉన్నారు. నేను చెప్పదలచింది పుయాంత్ దెస్నీ గురించి. 2020 జులై 25న వకాషియో అనే జపాను యజమానుల సరుకు ఓడ అక్కడి పగడపు దిబ్బకు ఎక్కింది, కొద్ది రోజుల్లో సుమారు వెయ్యి టన్నుల నూనె మడుగులోకి కారింది. ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా జనం వేల సంఖ్యలో వచ్చి, ఎండిన చెరకాకును గుడ్డ సంచుల్లో కుక్కి, తేలే కట్టలుగా కుట్టి నీళ్లలో అడ్డం వేశారు. ఆ కుట్టినవారిలో గైడ్ కూడా ఉన్నాడు. తీరం వెంట నడుస్తూ, ఎక్కడ కూర్చుని కుట్టారో, ఏ మడచెట్ల వేళ్లు నల్లబడ్డాయో చూపించాడు. దీవిని చుట్టుకుని ఉన్న ఆ పగడపు కట్టే అలలను ఆపి, చేపలను పెంచి, తెల్లటి ఇసుకనిచ్చి, పర్యాటకులను రప్పిస్తుంది. అది పోతే ఈ దేశానికి ఏమి పోతుందో అతను గొంతు పెంచకుండానే చెప్పాడు. అక్కడికి ఎదురుగా ఉన్న ఇల్ ఓ ఎగ్రెత్ అనే చిన్న దీవిలో పాత తీరపు అడవిని తిరిగి పెంచుతున్నారు, అంతరించే అంచుకు వెళ్లి వెనక్కి వచ్చిన గులాబీ పావురాలను కూడా మేము చూశాము.

మొత్తం మీద ఈ సేవను తీసుకోవచ్చని నేను చెబుతాను, ప్రత్యేకించి పెద్దవారితో వెళ్లేవారికి. ఎక్కడ మెట్లున్నాయో, ఎక్కడ నీడ ఉందో గైడ్ ముందే చెప్పేవాడు, నాన్నగారిని ఏ ఒక్కచోటా తొందరపెట్టలేదు. అయితే డబ్బు పంపే ముందు దుకాణాల విరామాలు వద్దని, ఏ స్థలంలో ఎంతసేపు ఉంటామో సహా రాతలో తీసుకోండి. నోటిమాటకు బలం లేదని మాకు అనుభవమైంది.

నాలుగో రోజు కారు లేదు. మేము ముగ్గురమూ క్యూర్‌పీప్ నుంచి మెట్రో రైలెక్కి, కోరమాండల్ అనే స్టేషను మీదుగా పోర్ట్ లూయీకి వెళ్లి, నడుచుకుంటూ మళ్లీ ఘాట్‌కు చేరుకున్నాము. కూలీలు పడవ దిగి ఎక్కిన 16 మెట్ల ఎదుట నాన్నగారు చాలాసేపు నిలబడ్డారు. లోపల ప్రదర్శనలో, ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే నియమాన్ని చదివి, దినసరి లెక్కలు రాసిన మనిషిగా ఆయన తల అడ్డంగా తిప్పారు. తరువాత వలస రిజిస్టర్ల నమూనాలు చూశాము. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుసలో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ. అసలు రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయని అక్కడి ఉద్యోగిని చెప్పింది. తప్పు స్పెల్లింగుల్లో ఉన్న పేర్లను నాన్నగారు వేలితో చూపిస్తూ, ఇది అప్పడు, ఇది వీరాసామి అని మెల్లగా పైకి చదివారు. ఆ రోజు అక్కడ మాకు రెండున్నర గంటలు పట్టింది. ఘాట్ పేరు పక్కన సమయపట్టికలో మీరు రాయించుకోవలసింది అంతసేపు.